స్వరూప పేరున్న ఒకే ఒక్క వరుస

2025 మార్చి 7, శుక్రవారం, ఉదయం పదకొండు గంటలకు స్వరూపను ఉద్యోగం నుంచి తొలగించారు. ఏ లోపం గురించి ఆమె నాలుగుసార్లు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసిందో, ఆ లోపానికే ఆమెను బాధ్యురాలిని చేశారు. సంజాయిషీ నోటీసు ఇవ్వలేదు. విచారణ జరపలేదు. ఉత్తర్వులో రెండే వాక్యాలున్నాయి. అనుమతి లేకుండా సర్వర్‌లో మార్పులు చేసి రోగి ప్రాణానికి ముప్పు తెచ్చిందని మొదటిది. గుర్తింపు కార్డును గేటు దగ్గర అప్పగించి వెళ్లమని రెండోది. ఆ మొదటి వాక్యం ఆమె వెంట ఉన్నంతకాలం ఈ నగరంలో మరో ఆసుపత్రి సర్వర్ గది తలుపు ఆమెకు తెరుచుకోదు.

స్వరూపకు ముప్పై నాలుగేళ్లు. సంతోష్‌నగర్‌లో తండ్రి గుండయ్యతో కలిసి రెండు గదుల ఇంట్లో ఉంటుంది. గుండయ్య నీటి సరఫరా విభాగంలో వాల్వులు తిప్పి రిటైరైన మనిషి. ముప్పై ఏళ్లు పాతబస్తీ గల్లీల్లో ఇనుప మూతలెత్తి, ఏ గల్లీకి ఏ పూట ఎన్ని చుట్లు తిప్పాలో కంఠతా పట్టినవాడు. అయినా తిప్పిన ప్రతిసారీ జేబులోంచి సుద్దముక్క తీసి, పక్క గోడ మీద చుట్ల లెక్క, తేదీ, కింద తన పేరు రాసేవాడు. తోటివాళ్లు నవ్వేవారు. "రేపు నా డ్యూటీల ఇంకోడొస్తడు. నేను తప్పు తిప్పి ఉంటే వాడు నన్ను తిట్టుకోవాలె. తిట్టాలంటే పేరుండాలె గద" అనేవాడు. ఈ అలవాటు కూతురికి వచ్చింది. కథలో మిగిలినదంతా దాని ఫలితమే.

పాలిటెక్నిక్ డిప్లొమా చేసిన స్వరూప తొమ్మిదేళ్లు పాతబస్తీలోని ఒక ట్రస్టు ఆసుపత్రిలో కంప్యూటర్ల మరమ్మతు చూసింది. తొలగింపు మీద ఆమె చేసిన ఫిర్యాదు ప్రస్తుతం అధికారుల ముందు పెండింగులో ఉంది కనుక ఆసుపత్రి పేరు ఇక్కడ రాయడం లేదు. జీతం ఇచ్చేది ఒక ఏజెన్సీ; పని చెప్పేది ఆసుపత్రి. ముగ్గురు కాంట్రాక్టు సిబ్బంది మూడు షిఫ్టుల్లో వాడే లాగిన్ ఒక్కటే. దాని పేరు 'సపోర్ట్-4'. ఫిర్యాదుల్లో కాంట్రాక్టు సిబ్బంది సొంత పేర్లు రాయరాదని, ఐడీ మాత్రమే వాడాలని 2019లో ఒక సర్క్యులర్ వచ్చింది. కారణం సర్క్యులర్‌లో లేదు. చట్టం చదివినవారికి చెప్పనవసరం లేదు: పేరుపేరునా ఉత్తర ప్రత్యుత్తరాలు నడిస్తే, వీళ్లు ఏజెన్సీ మనుషులు కారు, మీ ఉద్యోగులేనని రేపు ఏ న్యాయస్థానమైనా అనవచ్చు. ఆ చిక్కు రాకుండా మనుషులకు అంకెలు తగిలించారు.

ఇక లోపం సంగతి. కంప్యూటర్లకు మనం పేర్లు పెడతాం గానీ, అవి ఒకదాన్నొకటి చేరుకోవడానికి అంకెల చిరునామా కావాలి. డాక్టర్లు రిపోర్టులు చూసే అప్లికేషన్ ఆసుపత్రిలోని ఒక సర్వర్‌లో నడుస్తుంది. రిపోర్టులు దాచే సర్వర్ మరొకటి. దాని పేరు 'ల్యాబ్‌డేటా'. అది ఉండేది నగరానికి అటు చివర, ట్రస్టు ప్రధాన కార్యాలయంలో. అప్లికేషన్‌కు ల్యాబ్‌డేటా పేరే తెలుసు. చిరునామా కావలసినప్పుడల్లా నేమ్ సర్వర్‌ను అడగాలి. పేరు చెబితే చిరునామా చెప్పడమే నేమ్ సర్వర్ పని.

2023 మే నెల నుంచి ఆ అడగడం దగ్గరే తేడా వచ్చింది. ఉదయం ఓపీ మొదలై అన్ని వార్డులూ ఒక్కసారిగా రిపోర్టులు తెరిచే వేళకు, తెర మీద 'హోస్ట్ దొరకలేదు' అని ఎర్ర అక్షరాలు. రోగులు బెంచీల మీద, డాక్టర్లు తెరల ముందు, ఇద్దరూ ఎదురుచూడటమే. ల్యాబ్‌డేటా చెడిపోయిందని అందరూ అనుకున్నారు. స్వరూప అనుకోవడంతో సరిపెట్టుకోలేదు. ల్యాబ్‌డేటాను పేరుతో పిలిచి చూసింది, పలకలేదు. అంకెల చిరునామాతో పిలిచింది, వెంటనే పలికింది. అంటే లింకు బాగుంది, అవతలి సర్వర్ బాగుంది, పేరు విప్పి చెప్పే చోటే తప్పు. అప్లికేషన్ సర్వర్ దగ్గరున్న జాబితాలో రెండు నేమ్ సర్వర్లున్నాయి. మొదటిది రద్దీ వేళ జవాబులు వదిలేస్తోంది. అప్పుడు రెండోదాన్ని అడగాలి. ఆ రెండోది ఏడాదిన్నర కిందట ప్రధాన కార్యాలయం తీసేసి స్టోరు గదిలో పడేసిన యంత్రం. లేని యంత్రం జవాబు కోసం కాచుకుని కాచుకుని, గడువు దాటాక అప్లికేషన్ 'లేదు' అని తేల్చేది. ఆ 'లేదు'ను గుర్తుపెట్టుకునేది కూడా. నేమ్ సర్వర్ కోలుకున్నా, అప్లికేషన్‌ను ఆపి మళ్లీ నడిపేదాకా అదే పాట.

ఇదంతా కనిపెట్టడానికి ఆమెకు రెండు రోజులు పట్టింది. తీసేసిన యంత్రం చిరునామాను జాబితా నుంచి తొలగించడానికి రెండు నిమిషాలు చాలు. కానీ ఆ రెండు నిమిషాల అధికారం ప్రధాన కార్యాలయానిది. జూన్ 5న మొదటి ఫిర్యాదు పెట్టింది, జవాబు లేదు. జూన్ 26న రెండోది పెట్టింది. ఈ కోవలోని ఫిర్యాదులు చేసే అర్హత కాంట్రాక్టు ఐడీలకు లేదని యంత్రమే జవాబిచ్చింది.

జులై 19న, డయాలసిస్ వార్డులో పదకొండు మంది రిపోర్టులు తెరుచుకోక నిలిచిపోయిన పూట, ఆమె ప్రధాన కార్యాలయంలోని నెట్‌వర్క్ ఇంజినీరు విశాల్‌కు ఫోన్ చేసింది. విశాల్ పర్మనెంటు ఉద్యోగి.

"విశాల్ గారూ, ఆ రెండో నేమ్ సర్వర్ పోయి ఏడాదిన్నరయింది. లిస్టుల నుంచి తీసెయ్యుండ్రి, అయిపోతది."

"అక్కా, అది నా ఒక్కని చేతుల లేదు. చేంజ్ రిక్వెస్ట్ పెట్టాలె, కమిటీ కూసోవాలె. నువ్వొక పని చెయ్. హోస్ట్స్ ఫైల్‌ల ఒక లైన్ కొట్టెయ్. ఖతం."

"మరి రేపు మీరు సర్వర్ మారిస్తే?"

"మారిస్తే చెప్పనా ఏంది?"

"ఒక్క మెయిల్ పెట్టుండ్రి. ఇప్పుడే చేస్త."

"ఏందక్కా, నోటి మాట మీద నమ్మకం లేదా? పేషెంట్లు ఆగుతున్నరని లొల్లి జేసేది నువ్వే, కాయిదం కావాలనేది నువ్వే."

ఫోన్ ఆరు నిమిషాలు నడిచింది. ఆమె ఫోన్‌లో ఆ కాల్ నమోదు ఇప్పటికీ ఉంది. మెయిల్ రాలేదు. పదకొండు మంది బెంచీల మీదే ఉన్నారు. ఆమె వరుస రాసింది.

హోస్ట్స్ ఫైల్ అంటే ప్రతి యంత్రం తన దగ్గర పెట్టుకునే చేతిరాత జాబితా లాంటిది. అందులో ఒక పేరుకు చిరునామా రాసి ఉంటే, యంత్రం ఇక నేమ్ సర్వర్‌ను అడగదు, ఉన్నదే నిజమనుకుంటుంది. స్వరూప ల్యాబ్‌డేటా పేరు, చిరునామా రాసి, పక్కన తన పేరు, తేదీ చేర్చింది. ఆ చివరి ముక్కను యంత్రం పట్టించుకోదు. తర్వాత వచ్చే మనిషి చదవడానికే అది. సొంత పేర్లు రాయరాదన్న సర్క్యులర్ హోస్ట్స్ ఫైల్ దాకా రాలేదు. తొమ్మిదేళ్ల కొలువులో ఆ ఆసుపత్రి కంప్యూటర్లలో ఆమె పేరు పడిన చోటు అదొక్కటే.

అప్లికేషన్ పరుగెత్తింది. మరునాడే ఆమె మూడో ఫిర్యాదు పెట్టింది: "చిరునామా చేత్తో రాశాం. ఇది తాత్కాలికం. ల్యాబ్‌డేటాను మార్చేటప్పుడు ఈ వరుసను తప్పక తీసేయాలి." అదే మాట తెలుగులో తెల్ల కాగితం మీద రాసి, కింద పేరు పెట్టి, సర్వర్ బీరువా తలుపుకు అంటించింది. 2024 నవంబరులో, కొత్త సర్వర్లు వస్తున్నాయని విని, నాలుగో ఫిర్యాదు పెట్టింది. జవాబు లేదు.

2025 జనవరిలో నాణ్యతా ధ్రువపత్రం కోసం తనిఖీ బృందం వచ్చింది. రావడానికి రెండు రోజుల ముందు, గోడలకూ తలుపులకూ అంటించిన కాగితాలన్నీ పీకేయమని పరిపాలనాధికారి ఆదేశించారు. చూపుకు ఇంపుగా ఉండాలట. బీరువా తలుపు మీద దసరా పూజకు పెట్టిన కుంకుమ బొట్టును తుడవడానికి ఎవరికీ చేయి రాలేదు. దాని కిందున్న కాగితాన్ని చింపేశారు. ఆసుపత్రికి నాణ్యతా ధ్రువపత్రం వచ్చింది.

మార్చి 2, ఆదివారం, ప్రధాన కార్యాలయం ల్యాబ్‌డేటాను కొత్త యంత్రంలోకి, కొత్త చిరునామాకు మార్చింది. నేమ్ సర్వర్‌లో చిరునామా సరిచేసింది. ఎందుకైనా మంచిదని పాత యంత్రాన్ని ఒక వారం నడవనిచ్చింది. పాతబస్తీ ఆసుపత్రికి ఫోన్ చేయడం విశాల్ పని. విశాల్ చేయలేదు.

సోమవారం ఉదయం ల్యాబ్ తీసిన ఫలితాలన్నీ కొత్త యంత్రంలోకి వెళ్లాయి. డాక్టర్ల అప్లికేషన్ మాత్రం చేతిరాత వరుసను నమ్ముకుని పాత యంత్రాన్నే చదివింది. పాత యంత్రం బతికే ఉంది కాబట్టి ఎర్ర అక్షరాలు రాలేదు, ఎవరికీ అనుమానం కలగలేదు. తెర మీద రిపోర్టులు వచ్చాయి. పాతవి వచ్చాయి. తేదీ తెర అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది.

మల్లన్నది మాదన్నపేట. బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. భార్య మాణిక్యమ్మ మాదన్నపేట మార్కెట్‌లో ఆకుకూరలు అమ్ముతుంది. వారానికి రెండుసార్లు, సోమవారం, గురువారం, మల్లన్నకు డయాలసిస్ జరగాలి. ఆ సోమవారం ఒక డయాలసిస్ యంత్రం మరమ్మతులో ఉంది. రక్తంలో పొటాషియం ఎక్కువున్నవాళ్లను ముందు తీసుకుని, మిగిలినవాళ్లను మరునాడు రమ్మన్నారు. మల్లన్న అసలు ఫలితం ఏడు దాటింది. గుండె ఆగిపోయే అంకె అది. డాక్టరు తెర మీద కనిపించింది గురువారం నాటిది, డయాలసిస్ అయ్యాక తీసింది, నాలుగున్నర. రేపు రమ్మని పంపించారు. మధ్యాహ్నం మూడింటికి కాళ్లు చచ్చుబడి, నాడి తప్పుతున్న మనిషిని మాణిక్యమ్మ కూరగాయల ఆటోలో వేసుకుని తెచ్చింది. నాలుగు రోజులు ఐసీయూలో ఉన్నాడు. బతికాడు. ఆసుపత్రి తరఫున మాట్లాడే ప్రతి ఒక్కరూ ఆ ఒక్క మాటను పదేపదే అంటున్నారు, అదేదో తమ చలువ అయినట్లు.

లోపం పట్టుకున్నది కూడా స్వరూపే. మల్లన్నను ఐసీయూకు మార్చాక, ల్యాబ్ కాగితానికీ తెరకూ పొంతన లేదని డయాలసిస్ నర్సు స్వీటీ ఆమెను పిలిచింది. స్వరూప ల్యాబ్‌డేటా చిరునామా ఏదని నేమ్ సర్వర్‌ను అడిగింది, ఒకటి చెప్పింది. అప్లికేషన్ ఎక్కడికి పోతోందో చూసింది, అది మరొకటి. హోస్ట్స్ ఫైల్ తెరిచింది. తన పేరు కనిపించింది. వరుస తీసేసి, అప్లికేషన్‌ను ఆపి మళ్లీ నడిపింది. మొత్తం నలభై నిమిషాలు. ఆ తర్వాత ఆమె చేసిన పనిని ఆ ఆసుపత్రిలో ఇంకెవరూ చేసి ఉండరు. పరిపాలనాధికారి గదికి వెళ్లి, ఆ వరుస నేనే రాశాను, ఎందుకు రాశానో మీకు నాలుగు ఫిర్యాదుల్లో ఉంది అని చెప్పింది. ఆయన ఆ వాక్యంలో మొదటి సగమే విన్నారు.

గురువారం సాయంత్రం ఆమె ఐసీయూ బయట కూర్చున్న మాణిక్యమ్మ దగ్గరకు వెళ్లి అదే చెప్పింది. మాణిక్యమ్మ ఆమె చేతుల వైపు చూసింది.

"నీ చేత్తోటి రాసినవా?"

"నా చేత్తోనే రాసిన, అమ్మా."

"రాయమన్నదెవరు?"

"పెద్దాఫీసాయన. ఫోన్ల చెప్పిండు."

"మా మార్కెట్ల గూడ అంత నోటి మాటనే. బండ్లకు బండ్ల సరుకు మాట మీదనే దిగుతది. కాని మాటిచ్చినోడు పొద్దుగాల అదే దుకాణం ముంగట నిలబడతడు. నీకు మాటిచ్చినోడు ఏడున్నడు?"

మాణిక్యమ్మ లేచి ఐసీయూ తలుపు అద్దంలోంచి లోపలికి చూసి వచ్చింది.

"మా ఆయన లేస్తే చెప్త. నీ మీద నాకు కోపం లేదనుకోకు, ఉన్నది. నువ్వొక్కదానివే వచ్చినవ్, గదొక్కటే నీ తరఫునున్నది."

రెండు రోజుల తర్వాత మాట్లాడగలిగిన మల్లన్న ఇదంతా విని గొంతులోనే నవ్వాడట. "డిపోల గూడ గింతే. బ్రేకులు అరిగినయని డ్రైవర్ బుక్కుల రాస్తడు. ఎవ్వరు సూడరు. బస్సు గుద్దితే ఆ బుక్కే మాయమైతది, డ్రైవర్ సస్పెండైతడు."

ఇక్కడ బుక్కు మాయం కాలేదు. నాలుగు ఫిర్యాదులూ ఉన్నాయి. ఆసుపత్రి వాదన ఇంకా తెలివైనది: అవి 'సపోర్ట్-4' నుంచి వచ్చాయి, సపోర్ట్-4 ఒక వ్యక్తి కాదు, కనుక స్వరూప ఎన్నడూ ఫిర్యాదు చేసినట్లు ఆధారం లేదు. అదే సమయంలో హోస్ట్స్ ఫైల్‌లో ఆమె పేరు స్పష్టంగా ఉంది. కనుక తప్పు ఆమెదేనని తిరుగులేని ఆధారం ఉంది. పేరు రాయవద్దని శాసించిన చోట ఆమె పేరు లేదు. ఎవరూ అడగకపోయినా, తండ్రి నేర్పినందుకు రాసిన చోట ఉంది. మొదటిది ఆమె నిజాయితీకి సాక్ష్యం కావలసింది, దాన్ని వాళ్లు ముందే తుడిచేసుకున్నారు. రెండోది కూడా నిజాయితీకి సాక్ష్యమే, దాన్ని నేరాంగీకారంగా వాడుకున్నారు.

మార్చి 11న ఏజెన్సీ సూపర్‌వైజరు శ్రవణ్‌కుమార్ ఆమెను ఆఫీసుకు పిలిచాడు. మలక్‌పేటలోని మరో ఆసుపత్రి ఆమెను తీసుకోవడానికి సిద్ధపడింది. నెలాఖరులోగా మచ్చలేని రిలీవింగ్ లెటర్ తెమ్మంది. ఈ సంగతి శ్రవణ్‌కుమార్‌కు తెలుసు. గుండయ్య కూడా కూతురి వెంట వెళ్లాడు. బల్ల మీద ఒక కాగితం సిద్ధంగా ఉంది: నా అజాగ్రత్త వల్లనే ఈ ఘటన జరిగింది, ఇందులో మరెవరి ప్రమేయమూ లేదు.

"అక్కా, జర ప్రాక్టికల్‌గ ఆలోచించు. ఇది సంతకం పెట్టు, తొలగించినం అన్నది తీసేసి రాజీనామా అని రాస్త. లెటర్ నేనే టైప్ జేయిస్త. ఏం ఫికర్ జేయకు."

"మచ్చలేని కాయిదం కోసం మచ్చ ఒప్పుకోవాల్నా, తమ్మీ?"

"ఇది మా ఫైల్లనే ఉంటది. ఎవరు సూస్తరు?"

"మల్లన్న కేసేస్తే సూస్తరు. గందుకే కదా రాయిస్తున్నరు."

శ్రవణ్‌కుమార్ ఫోన్ తీసి తిప్పుకుంటూ కూర్చున్నాడు. గుండయ్య కాగితాన్ని కళ్లకు దగ్గరగా పట్టుకుని చదివి, బల్ల మీద పెట్టాడు.

"బిడ్డా, గింత ప్రేమతోటి గొయ్యి తవ్వే పిలగాన్ని నేనెన్నడు సూడలే."

"పెద్దాయనా, మీకీ కంప్యూటర్ల సంగతి ఎరుక లేదు."

"ఎరుకనే. తిప్పినోని పేరు గోడ మీదుంటది. తిప్పుమన్నోని పేరు ఏడుంటది, జర సూపెట్టు."

స్వరూప కలం తీసుకుంది. సంతకం పెడుతుందనుకుని శ్రవణ్‌కుమార్ కాగితాన్ని ఆమె వైపు జరిపాడు. ఆమె 'నా అజాగ్రత్త వల్లనే' అన్న మాటలు కొట్టేసి, పైన రాసింది: వరుస నేను రాశాను, 2023 జులై 19న విశాల్ గారు ఫోన్‌లో చెప్పగా రాశాను, తీసేసిన నేమ్ సర్వర్‌ను జాబితాలో ఉంచినందువల్ల రాయవలసి వచ్చింది. దాని కింద సంతకం పెట్టింది.

"గిట్ల రాస్తే నడవదక్కా."

"నడవకుంటే ఉండనీ."

రిలీవింగ్ లెటర్ రాలేదు. ఏప్రిల్ మొదటి వారంలో మలక్‌పేట ఉద్యోగంలో మరొకరు చేరారు. స్వరూప ఇప్పుడు సంతోష్‌నగర్‌లో ఒక జిరాక్స్ దుకాణంలో పనిచేస్తోంది. ఈ విషయమై తనకు రాసిన ఉత్తరాలకు విశాల్ జవాబివ్వలేదు.

జూన్‌లో ఒక ఉదయం, దుకాణంలో ఉండగా ఆమెకు ఫోన్ వచ్చింది. ఆమె స్థానంలో ఏజెన్సీ పంపిన అమ్మాయి, కీర్తిప్రియ. మొదటి కొలువు.

"అక్కా, మీ నంబరు స్వీటీ సిస్టర్ ఇచ్చింది. ల్యాబ్‌డేటా దొరుకుతలేదు. అంకెలతోటి పిలిస్తే పలుకుతుంది, పేరుతోటి పిలిస్తే లేదంటుంది."

"రెండో నేమ్ సర్వర్ ఇంకా లిస్టుల ఉన్నదా?"

"ఉన్నదక్కా. విశాల్ సార్‌కు ఫోన్ చేసిన. హోస్ట్స్ ఫైల్‌ల లైన్ రాయమన్నడు."

"మెయిల్ పెట్టిండా?"

"లేదు. వార్డుల పేషెంట్లు ఆగిండ్రక్కా. రాయాల్నా?"

స్వరూప జిరాక్స్ యంత్రం ఆపింది. "రాయి. పేషెంట్లను ఆపొద్దు."

"పక్కకు పేరు, తేదీ పెట్టాలంట గద? కోర్సుల గట్లనే చెప్పిండ్రు."

ఆ రోజు గుండయ్య కూతురికి అన్నం డబ్బా తెచ్చి, దుకాణం బయట స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. కూతురు ఏమందో విన్నాడు. ఇంటికి తిరిగి వెళ్లేటప్పుడు ఆమెతో ఆ మాట ఎత్తలేదు, ఇప్పటికీ ఎత్తలేదు.

"వద్దమ్మా" అంది స్వరూప. "నీ పేరు రాయకు."

ట్రస్టు పరిపాలనాధికారి గారూ, ఏజెన్సీ యజమాని గారూ, మీరు సాధించింది ఇదే. ఆ సర్వర్‌లో ఇప్పుడు మళ్లీ ఒక చేతిరాత వరుస ఉంది. దాని పక్కన పేరు లేదు. మీరు మరోసారి ల్యాబ్‌డేటాను మార్చిన రోజున, ఎవరిని పిలవాలో చెప్పే అక్షరం ఆ బీరువా లోపల గానీ బయట గానీ ఉండదు. గురువారం నాటి అంకెను చూసి సోమవారం ఎవరినో ఇంటికి పంపిస్తారు. మల్లన్న ఆ వార్డుకు ఇప్పటికీ వారానికి రెండుసార్లు వస్తున్నాడు.

అడుగుతున్నది దయ కాదు. 2023 జూన్ 5, జూన్ 26, జులై 20, 2024 నవంబర్ 18: ఈ నాలుగు తేదీల బయోమెట్రిక్ హాజరు మీ దగ్గరే ఉంది. ఫిర్యాదు నమోదైన ఆ నాలుగు సమయాల్లోనూ సపోర్ట్-4 ఐడీతో డ్యూటీలో ఉన్న మనిషి ఒక్కరే. రెండు రికార్డులనూ పక్కపక్కన పెట్టండి. ఈ అక్షరాలు మీకు చేరిన పదిహేను రోజుల్లోగా, ఆ నాలుగు ఫిర్యాదుల మీదా రావలసిన పేరు రాయండి. స్వరూప అని రాయండి. మార్చి 7 నాటి మీ ఉత్తర్వును రద్దు చేసి, ఎందుకు రద్దు చేస్తున్నారో ఆ కాగితం మీదే చెప్పండి. కింద మీ పేర్లు పెట్టండి. ఫోన్ చేయకండి.